చివరి కుచ్చు

ముందే చెబుతున్నాను, నాకు రాయడం సరిగ్గా రాదు. ఊళ్లో ఐదో తరగతితోనే బడి అయిపోయింది. ఒత్తులు పెట్టే దగ్గర ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. తప్పు కనబడితే నవ్వుకోండి గానీ మధ్యలో ఆపేయకండి. మొన్న మా కాలనీ మహిళా సంఘం మీటింగులో ఒక మేడం మైకు పట్టుకుని, ఆడవాళ్లు కంఫర్ట్ జోన్ దాటి బయటికి రావాలి, వస్తే ఎన్నో లాభాలు అని చాలాసేపు చెప్పింది. జోన్ అంటే నాకు తెలిసింది ఎల్బీనగర్ జోన్ ఆఫీసు ఒక్కటే. పక్కన కూర్చున్నామె విడమరిచి చెబితే అర్థమైంది, అలవాటైన చోట హాయిగా కూర్చోవడమట. అలా దాటి వచ్చినవాళ్లు సంఘం పుస్తకానికి రాసివ్వండి అంది మేడం. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మా వదిన గుర్తొచ్చి నోరు చేదైంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. ఆయన లారీ మీద పోతే వారాలకు గానీ రాడు, కాబట్టి ఇల్లంతా ఆమె చెప్పినట్టే. పెళ్లయి నల్గొండ దిక్కు పల్లె నుంచి అల్మాస్‌గూడకు వచ్చిన కొత్తలో నన్ను దిల్‌సుఖ్‌నగర్ బజారుకు తీసుకుపోయింది. గాజుల బండి దగ్గర నేను ఆగిపోయాను. తలెత్తితే ఆమె లేదు. ఎర్రచీర కట్టుకున్న ఇంకెవరినో చూసి ఆమే అనుకుని, వెనకాలే బస్సెక్కి ఎటో పోయాను. పొద్దుగూకే వేళకు దొరికాను. ఆ కథ ఇంటికి ఎవరొచ్చినా వదిన చెప్పేది. "మా మరదలు బస్సు నంబర్ జూడదు, చీర రంగు జూసి ఎక్కుతది!" అందరూ నవ్వేవాళ్లు, నేను కూడా. ఆ తర్వాత గేటు దాటి పోవడమే మానేశాను.

చీర కొంగులకు కుచ్చులు వేయడం పక్కింటామె దగ్గర నేర్చుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపు నుంచి వదిన చీరలు తెచ్చేది, నేను వేసేదాన్ని, ఆమె తీసుకుపోయి ఇచ్చేది. "నువ్వు ఇంట్ల పైలంగ ఉండు పిల్లా, బయటి తిరుగుడు నేను జూసుకుంట" అనేది. అబద్ధమెందుకు, నాకూ హాయిగానే ఉండేది. కిటికీ కింద చాప, బిస్కెట్ల డబ్బాలో దారపు ఉండలు, సన్నగా రేడియో. నాకు జ్వరమొస్తే జావ కాచి తన చేత్తోనే తాగించేది. ఆ జావలో ఈరోజుకీ తప్పు పట్టలేను, నా బాధంతా అదే. నాకొక అలవాటు ఉండేది. ప్రతి చీరకూ చివరి కుచ్చు ఆపి, ఇంట్లోంచి పంపేముందు కొంగంతా ఒకసారి చూసుకుని, నచ్చాకే వేసేదాన్ని.

ఒకసారి వదినకే జ్వరం వచ్చింది, లేవలేని జ్వరం. ఇంట్లో ఎవరిదో పెళ్లి చీర ఉంది. నేను పోతానంటే ఆ జ్వరంలోనే లేచి కూర్చుంది. "నువ్వు ఏడ పోతవే? నాకు తక్కువైనంక నేనే పోత."

"ముహూర్తం నీ జరం తగ్గేదాక ఆగుతదా వదినా?" అన్నాను. ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. నేను బయటికి పోతానంటే వదినకు అంత భయం ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. నా మీద ప్రేమే అనుకున్నాను.

ఆటోవాడు ఎల్బీనగర్ దగ్గర దించి, మెట్రో ఎక్కు అన్నాడు. ఆ కదిలే మెట్ల ముందు చీర సంచి గుండెకు హత్తుకుని నిలబడిపోయాను. వెనక నుంచి పూలగంప ఆమె అరిచింది. "ఎక్కుతవా అక్కా, ఇట్లనే సూసుకుంట నిలవడ్తవా?" సిగ్గుతో కాలు పెట్టాను. పడలేదు.

షాపు నడిపే ఆవిడ కోస్తావాళ్లు. "మీ వదినగారు రాలేదేంటండీ?" అంది. "జరమొచ్చింది. కుచ్చులేసేది నేనే గద, నేనే తెచ్చిన" అన్నాను. ఆవిడ పక్కనున్న సేల్స్ అమ్మాయి వైపు తిరిగి, మెల్లగానే అంది గానీ నాకు వినబడింది. "ఆ మతి లేనావిడ ఈవిడేనన్నమాట. బానే మాట్లాడుతుందే!"

ఆవిడకు ఎదురుగా జరిగి అడిగాను. "ఎవరు జెప్పిన్రమ్మా అట్ల?"

"మీ వదినగారేనండీ. ఇంట్లో ఒక తిక్కపిల్ల ఉంది, బయటికి పంపితే తప్పిపోతుంది, దారం చుట్టడానికి కూర్చోబెడతాను, కుచ్చులన్నీ నేనే వేస్తాను అనేవారు."

డబ్బు ఇంట్లోకే వచ్చేది, అది కాదు నా బాధ. ఇన్నేళ్లు నా వేళ్లు చేసిన పని మీద నా పేరు లేదు, పైగా నా మీద ఆ పేరు. చీర విప్పి చూపిస్తుంటే కనబడింది, హడావుడిలో చివరి కుచ్చు వేయడం మరిచిపోయాను. అక్కడే కింద కూర్చుని, సంచిలోంచి సూది తీసి వేశాను. ఆవిడ చూసింది. మెచ్చుకుంటుందని ఆశపడ్డాను. "ఎవరు వేస్తే మాకేంటమ్మా, శనివారానికి ఇంకో నాలుగు కావాలి" అని కొత్త చీరలు చేతిలో పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి వదిన తలుపు వైపే చూస్తూ ఉంది. "తొవ్వ దొరికిందా?"

"దొరికింది."

"షాపుల ఏమన్నా అన్నరా?"

"అన్నరు" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నేను జావ కాచి దగ్గర పెట్టాను. తాగించలేదు.

తర్వాత షాపుకు నేనే పోయాను. వదిన నాదర్‌గుల్‌లో బిడ్డ ఇంటికి పోయింది. ఒక ఫంక్షన్‌లో చుట్టాల ముందు నా గురించి "తొవ్వ జూపిచ్చినోళ్లనే మరిచింది" అందట. మేడం చెప్పిన లాభాలు నిజమే. ఇప్పుడు ఎల్బీనగర్‌లో పనికి నాకొక గది ఉంది, నాతో ఇద్దరు ఆడవాళ్లు కుచ్చులు వేస్తారు. ఎవరు వేసిన చీర వాళ్లే షాపుకు తీసుకుపోవాలి, భయమంటే ఊరుకోను. కానీ బయటికి వస్తే కనబడేది బజారు ఒక్కటే కాదు, ఇన్నాళ్లూ మనల్ని లోపల కూర్చోబెట్టిన చెయ్యి కూడా కనబడుతుంది. ఆ మాట మేడం చెప్పలేదు.

మా ఇంటి నుంచి ఆ షాపు ఎంతో దూరం కాదు, పొద్దున పోతే వంట వేళకు వచ్చేయొచ్చు. ఆ కాస్త దూరానికి నాకు సగం వయసు పట్టింది. రాసినదాంట్లో తప్పులుంటే మన్నించమని మిమ్మల్ని అడుగుతున్నాను. వదినను మాత్రం అడగను.