వెనక గోడ మీది రెండు స్పీకర్లు

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. దయ్యాల పుస్తకాలు అడిగిన వాళ్లకు తీసి ఇచ్చానే తప్ప, వాటిలో ఒక్కదాన్ని కూడా నమ్మి చదవలేదు. చిన్నప్పుడు రామన్నపేటలో శ్మశానం పక్క దారినే బడికి పోయి వచ్చేవాణ్ణి. ఎన్నడూ భయపడలేదు. ఇప్పటికీ నమ్మకం మారలేదు. ఎవరినో ఒప్పించడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

మా చెల్లెలు సునీత ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్. నల్లగొండలో ఒక కిరాయి ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. అమ్మ రామన్నపేటలో ఉండేది, నెలకోసారి వచ్చి పోయేది. మా ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఆ దిగులు మాకంటే మా చుట్టాలకే ఎక్కువ.

పొద్దంతా జనాల చేతుల నుంచి రక్తం తీసి, సాయంత్రం ఇంటికి వచ్చాక సునీత చేసే పని వేరు. తనకు నచ్చిన హీరో సినిమాల్లోంచి ముక్కలు కత్తిరించి, పాటకు అతికించి వీడియోలు చేసేది. అభిమానులు చేసే ఇలాంటి వీడియోలు ఫోన్ నిండా కనిపిస్తాయి. కానీ సునీత వాటితో ఆగలేదు. పాటను సాఫ్ట్‌వేర్‌లో వేసి గొంతు వేరు, డప్పు వేరు, వయొలిన్లు వేరు చేసేది. వాటిని ఐదు స్పీకర్లకు పంచేది. గొంతు నడుమ నుంచి, వాయిద్యాలు ముందు రెండు పక్కల నుంచి వచ్చేవి. వెనక రెండు స్పీకర్లలోకి మాత్రం తానే బయట రికార్డు చేసుకొచ్చిన చప్పుళ్లు వేసేది. హాలియా కాలువ నీళ్ల చప్పుడు, కట్టంగూర్ దగ్గర హైవే మీద లారీల రొద, బస్టాండులో కండక్టర్ల పిలుపులు. వినేవాళ్లలో నూటికి తొంభై మంది ఫోన్లో వింటారు, వాళ్లకు ఆ వెనకవి సరిగా తెలియవు కూడా. ఆ సంగతి ఆమెకు తెలుసు.

నాలుగు దిక్కుల నుంచీ ఈ మోత ఎందుకని ఒకసారి అడిగాను.

"ఇంట్ల మనుషులు ముంగటనే ఉంటరా అన్నా? నువ్వు ఎప్పుడు జూసినా నా ఎనకనే కూసొని సదువుతవు. మరి నువ్వు లేనట్టేనా?" అన్నది.

నిజమే. ఆమె హాల్లో చాప మీద కూర్చుని పని చేసుకుంటుంటే నేను ఆమె వెనక గోడకు ఆనుకుని చదువుకునేవాణ్ణి. ముందు మూడు స్పీకర్లు టీవీ బల్ల మీద, వెనక రెండు గోడకు మేకులు కొట్టి నా తలపైన ఉండేవి. హాలు నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చుంటేనే ఐదూ సరిగ్గా వినిపిస్తాయని, తల తిప్పకుండా వినాలని చెప్పేది. ఆరేళ్లలో నేను ఆ కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చోమని అడిగినప్పుడల్లా నా చేతిలో ఏదో ఒక పుస్తకం ఉండేది.

ఆ వీడియోలు పెట్టే ఆమె పేజీని చూసేవాళ్లెవరికీ ఆమె ఆడపిల్ల అని తెలియదు. అందరూ 'అన్నా', 'బ్రో' అనేవారు. ఆమె సరిదిద్దేది కాదు. "అన్నా అంటెనే నేను జెప్పే సౌండు సెట్టింగులు ఇంటరు. అక్కా అంటె ఫోటో వెట్టు అంటరు" అని నవ్వేది.

ఆ ఆదివారం సాయంత్రం కూడా పిలిచింది. మా నాయిన బతికుండగా పాడుకునే ఒక పాత పడవ పాటను తీసుకుని వీడియో చేసింది. "జర గా కుర్చీల కూసో. మూడు నిమిషాలే" అన్నది. ఇంకో పది పేజీలున్నాయి, రేపు వింటానన్నాను. పుస్తకం పేరు కూడా గుర్తుంది కానీ ఇక్కడ రాయను. దానిలో తప్పేమీ లేదు.

సోమవారం జ్వరం వచ్చింది. గురువారానికి దవాఖానలో చేర్చాం. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రోజూ ఇతరుల రిపోర్టులు రాసే మనిషి కాబట్టి అంకెలు ఎవరూ చెప్పకముందే ఆమెకు అర్థమయ్యేవి. శనివారం నన్ను దగ్గరికి పిలిచి, "ఇన్నవా?" అని అడిగింది.

విన్నానని అబద్ధం చెప్పాను. చాలా బాగుందన్నాను.

"ఎనక ఏమినవడ్డది?"

"మ్యూజిక్" అన్నాను.

ఆమె కొంచెం నవ్వి అటు పక్కకు తిరిగింది. ఆ నవ్వు ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. సోమవారం తెల్లవారేసరికి పోయింది.

అంబులెన్సులో నేరుగా రామన్నపేటకే తీసుకుపోయాం. మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయిన వాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. సర్వపిండి, కోడికూర పెట్టాం. రెండు కాకులు ప్రహరీ మీద వాలాయి కానీ దిగలేదు. గంట దాటింది. అమ్మ నా వైపు తిరిగి, "దానికి ఏమన్న మాటిచ్చి తప్పినవా బిడ్డా?" అని అడిగింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను విస్తరి దగ్గరికి పోయి, ఆ కుర్చీలో కూర్చుని వింటానని మెల్లగా అన్నాను. కాసేపటికి ఒక కాకి దిగింది. ఆకలేసి దిగిందనే నా అభిప్రాయం. ఈ సంగతిని నేను సాక్ష్యంగా చెప్పడం లేదు.

పదకొండో రోజు కర్మ అయిపోయింది. మరునాడు నేను ఒక్కణ్ణే నల్లగొండకు వచ్చాను. అమ్మను మేనమామ వాళ్లు ఆపుకున్నారు. తాళం తీయగానే కొత్త సున్నం వాసన వచ్చింది. మేము లేని రోజుల్లో ఇంటాయన హాలంతా సున్నం వేయించాడు. చావు జరిగిన వాళ్ల ఇల్లు అట్లా వదలకూడదని ఆయన పట్టింపు. మంచి మనిషే, మమ్మల్ని ఖాళీ చేయమని మాత్రం అనలేదు.

మధ్యాహ్నం రెండు దాటింది. తలుపు గడియ పెట్టి, ఆమె కంప్యూటర్ తెరిచాను. ఫైలు ఎదురుగానే ఉంది. కుర్చీ నడుమకు జరిపి కూర్చున్నాను. తల తిప్పొద్దన్న మాట గుర్తుంది. తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

పాట మొదలైంది. గొంతు నడుమ నుంచి వచ్చింది, తెడ్లు వేస్తున్నట్టుండే తాళం రెండు పక్కల నుంచి. మొదటి చరణంలో నా ఎడమ భుజం వెనక కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. పుస్తకంలో పేజీ తిప్పినట్టే ఉంది. కొంతసేపటికి మళ్లీ తిప్పినట్టు. రెండో చరణంలో కుడి వైపు వెనక స్టీలు గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు. పాట చివరికి వస్తుండగా ఎవరో గొంతు సవరించుకున్నారు. అది నా గొంతే. చదివేటప్పుడు నేను అట్లా చేస్తానని నాకు తెలుసు.

అప్పుడు నాకు భయం వేయలేదు. నాకు తెలియకుండా నన్నే రికార్డు చేసి వెనక పెట్టిందనుకున్నాను. దవాఖానలో 'మ్యూజిక్' అన్నందుకు ఆమె ఎందుకు నవ్విందో తెలిసిపోయిందనుకున్నాను. ఏడ్చాను. పాట అయిపోయి తెర నల్లబడింది. ఖాళీ ఇంట్లో పైకే, "బాగుంది సునీ" అన్నాను.

నేను ఆ మాట అన్న తర్వాత, వెనక చాప కదిలిన చప్పుడైంది. మోకాలు చిటుక్కుమంది. చాలాసేపు కింద కూర్చున్న మనిషి గోడ పట్టుకుని లేచినట్టు. అదీ రికార్డులోదే అనుకున్నాను. తల తిప్పకుండా అట్లాగే ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాను.

నాలుగు రోజుల తర్వాత పాలమూరు నుంచి ఖాజా వచ్చాడు. అక్కడ టెంట్ హౌస్ సౌండు పని చేస్తాడు, నా వయసువాడే. మూడేళ్లుగా సునీతతో ఫోన్లో వీడియోల సంగతులే మాట్లాడేవాడట, అన్నీ రాతలోనే. ఈ పేజీ నడిపేవారు పోయారని నేను పెట్టిన కబురు చూసి, చిరునామా అడిగి బస్సెక్కాడు. గుమ్మంలోకి రాగానే దండ వేసిన ఫోటో చూసి ఆగిపోయాడు.

"ఈమెనా? మూడేండ్ల సంది అన్నా అన్నా అని సతాయించిన. ఒక్కసారన్న చెప్పొద్దా?" అని, చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి చాలాసేపు నేల మీద కూర్చున్నాడు.

చాయ్ తాగాక, ఆ చివరి వీడియో తాను పూర్తి చేసి పేజీలో పెడతానన్నాడు. అది పూర్తయిందే కదా, నేను విన్నానని చెప్పాను. అతను హాలంతా చూశాడు.

"ఎట్లిన్నవన్నా? ఎనక డబ్బాలు ఏవి?"

ఆ నాలుగు రోజులూ నేను ఆనుకుని చదివే ఆ గోడ వైపు చూడబుద్ధి కాలేదు. అప్పుడే మొదటిసారి చూశాను. తెల్లటి సున్నం తప్ప అక్కడ ఏమీ లేదు. మేకులు కూడా లేవు. ఇంటాయనను అడిగితే, సున్నం వేసినతను పీకి సజ్జ మీద పెట్టాడన్నాడు. పెట్టి పది రోజులైందన్నాడు. సజ్జ మీద గోనె సంచిలో రెండు స్పీకర్లూ ఉన్నాయి, వాటి తీగలు చుట్టి కట్టి ఉన్నాయి. సంచి మీద సున్నం చుక్కలు ఎండిపోయి ఉన్నాయి.

ముందు స్పీకర్ల చప్పుడు గోడకు తగిలి వెనక నుంచి వచ్చినట్టు అనిపించవచ్చని ఖాజా అన్నాడు. సరే, ఏం వినిపించిందో చెప్పమన్నాడు. పేజీ ఎడమ వైపు, గ్లాసు కుడి వైపు, ఆఖర్లో గొంతు అని చెప్పాను. లేచిన చప్పుడు మాత్రం చెప్పలేదు. అతను కంప్యూటర్ దగ్గర కూర్చుని ఫైలు విప్పాడు. ఐదు స్పీకర్లకు ఐదు గీతలుంటాయి. చప్పుడున్న చోట గీత లేచి పడుతుంది. వెనక రెండు గీతలూ మొదటి నుంచి చివరి దాకా సాపుగా ఉన్నాయి. వాటిలో ఆమె ఇంకా ఏమీ వేయలేదు.

అప్పుడు అతను తన ఫోన్ తీసి చూపించాడు. జ్వరం రాకముందు, ఆ ఆదివారం రాత్రి ఆమె పంపిన కబురు. నేను చూసి రాసుకున్నాను: "ఎనక ట్రాకులు ఇంక పెట్టలె బ్రో. మా అన్న ముంగటిది ఒకసారి ఇన్నంక, ఆయన సదువుతుంటె రికార్డ్ చేస్త. ఎడమకు పేజీ తిప్పుడు. కుడికి గ్లాసు. లాస్టుకు అన్న గొంతు సవరించుడు."

అంతే ఉంది. నాలుగోది లేదు.

వెనక మ్యూజిక్ వినిపించిందని నేను చెప్పినప్పుడు అక్కడ అసలు ఏమీ లేదని ఆమెకు తెలుసు. నేను వినలేదని తెలిసే నవ్వింది.

ఆ సాయంత్రం స్పీకర్లు మళ్లీ కట్టి, ఆ వీడియోను నాలుగుసార్లు పెట్టాం. వెనక స్పీకర్లు విప్పేసి కూడా, అదే కుర్చీలో, అంతే సౌండుతో. వెనక నుంచి ఏమీ రాలేదు. ఆమె కంప్యూటర్‌లో, ఫోన్‌లో నా చప్పుళ్ల రికార్డు ఏదైనా ఉందేమోనని ఖాజా అర్ధరాత్రి దాకా వెతికాడు. దొరకలేదు.

నిద్ర లేని మనిషికి, దుఃఖంలో ఉన్న మనిషికి ఏవేవో వినిపిస్తాయని నేను చదివాను. అది నాకూ వర్తిస్తుంది. ఆమె నా గురించి వేసుకున్న జాబితా నా మనసుకు ఎట్లా తెలిసిందో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ చప్పుళ్లు నావే కాబట్టి నేనే ఊహించుకున్నానని అనవచ్చు. ఎడమా కుడీ కూడా సరిపోవడం యాదృచ్ఛికం అనవచ్చు. ఎన్నోసార్లు అట్లాగే అనుకుని పడుకున్నాను.

వెనక ఏం పెట్టాలని పోయేటప్పుడు ఖాజా అడిగాడు. కావాలంటే నేను చదువుతుంటే ఇప్పుడు రికార్డు చేస్తానన్నాడు. వద్దన్నాను. ఖాళీగానే పెట్టమన్నాను. వారం తర్వాత వీడియో ఆమె పేజీలో వచ్చింది. అమ్మకు ఫోన్లో చూపించాను. నాయిన పాట కదా అని చివరి దాకా విన్నది. మిగతా సంగతి ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.

ఇంట్లో ఐదు స్పీకర్లున్న వాళ్లు కొందరు కింద రాశారు. వెనక సౌండు రావట్లేదు బ్రో, ఒకసారి చెక్ చెయ్యండని. ఇప్పటి దాకా ఎవరికీ జవాబు రాయలేదు.