పదిహేడు మార్కుల ఒప్పందం

"వలను సముద్రం తినింది. మా బిందె నువ్వెందుకు తింటుండావబ్బయ్యా?"

కామమ్మ ఈ మాట అరిచి అడగలేదు. షావుకారు గుమాస్తా తన ఇత్తడి బిందెను బండిలో పెట్టుకుంటుంటే, పక్కన నిలబడ్డ గంగులయ్య వైపు తిరిగి మామూలు గొంతుతోనే అడిగింది. అది 1962 నవంబరు. విడవలూరుకు తూర్పున, ఇసుక దిబ్బల అవతల ఉన్న ఆ పల్లెలో కాలేజీ మెట్లెక్కినవాడు గంగులయ్య ఒక్కడే. నెల్లూరులో బీకాం ఆఖరి సంవత్సరం. కామమ్మ బిందె పోవడానికి కారణం ఆ చదువే.

చదువు ఊరికి దీపమని సభల్లో చెప్పేవాళ్లకు లోటు లేదు. ఆ దీపం ఎవరి చూరుకు అంటుకుంటుందో వాళ్లు చెప్పరు.

ముందటేడు కాలేజీలో వ్యాపార నిర్వహణ చెప్పే సమాధానం అనే మాస్టారు క్లాసు మొత్తానికీ ఒక పని అప్పజెప్పాడు. మీ ఊళ్లో నలుగురు కలిసి చేసే వ్యాపారం ఒకటి చూసి, అది నడిచే పద్ధతిని బట్టి భాగస్వామ్య ఒప్పందం రాసుకురండి అన్నాడు. నాయుడుపేట కుర్రాడు బియ్యం మిల్లు మీద రాశాడు. గంగులయ్యకు పెదనాన్న నరసయ్య పడవ తప్ప వేరే వ్యాపారం తెలియదు.

ఆ పడవ మీద నరసయ్యతో కలిపి ఎనిమిది మంది వేటకు పోయేవాళ్లు. వచ్చిన డబ్బు పదకొండు పాళ్లు చేసేవాళ్లు. మనిషికి ఒకటి, పడవకు ఒకటి, వలకు రెండు. పడవా వలా నరసయ్యవే కనుక ఆ మూడు పాళ్లూ ఆయన ఇంటికే. వల పోతే నష్టమూ ఆయనదే. తక్కిన ఏడుగురికీ ఆ రోజు రెక్కల కష్టం పోతుంది, అంతే. ఈ లెక్కను ఎవరూ ఎక్కడా రాసుకోలేదు, ఎవరూ తప్పిందీ లేదు.

గంగులయ్యా దాన్ని పూర్తిగా రాయలేదు. లాభాల దగ్గర ఊరి పాళ్లే రాశాడు గానీ, నష్టం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నష్టంలో పాలులేని భాగస్థులేమిటి, అదేం వ్యాపారమని మిల్లుల మీద రాసేవాళ్లు నవ్వుతారనిపించింది. భాగస్థులందరూ నష్టాన్ని సమంగా భరిస్తారన్న పుస్తకంలోని వాక్యాన్నే దించేశాడు. ఇరవైకి పదిహేడు వచ్చాయి. క్లాసులో అవే ఎక్కువ.

అంతటితో పోయి ఉంటే బాగుండేది. వేసవిలో నరసయ్యకు నైలాన్ వల మీద మనసు పడింది. నూలు వలలా కుళ్లదని, చేప కంటికి ఆనదని ఎవరో చెప్పారు. నెల్లూరు షావుకారు ఎనిమిది వందల వల అరువిస్తానన్నాడు గానీ, పడవ మీద పోయేవాళ్లందరూ కలిసి కాగితం రాసివ్వాలన్నాడు. మావాడు రాసిందే ఉండాదని నరసయ్య గొప్పగా చెప్పుకున్నాడు. గంగులయ్య దాన్ని తెలుగులో పెట్టి, పడవ నీడన కూర్చుని ఎనిమిది మందికీ చదివి వినిపించాడు. 'నష్టములను సమముగా భరించవలెను' అన్నచోట కాస్త తొందరగా చదివాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ వేలిముద్రలు వేశారు.

కార్తీకంలో వచ్చిన గాలివానకు వల తెగి సముద్రంలో కొట్టుకుపోయింది. మనుషులు ప్రాణాలతో ఒడ్డున పడ్డారు. మూడో రోజుకల్లా గుమాస్తా కాగితం పట్టుకొచ్చాడు. మనిషికి వంద. కామమ్మ మొగుడు చిన్నపోలయ్య వంద రూపాయలు ఒక్కచోట చూసి ఎరగడు. బిందె వడ్డీకని పట్టుకుపోతున్నామని, ఆదివారానికి తక్కినది కట్టకపోతే గుడిసె వాసాలు ఊడదీస్తామని చెప్పి గుమాస్తా బండెక్కాడు.

గంగులయ్య పెదనాన్న దగ్గరికి పోయాడు. నరసయ్య తలెత్తకుండా పాత వల బాగుచేసుకుంటున్నాడు.

"నీకు ఫీజు కట్టేది ఎవురురా?"

"నువ్వే పెదనాయనా."

"మరి నోరుమూసుకోని ఉండు. కాయితం కాయితమే."

మర్నాడు బస్సెక్కి నెల్లూరు పోయి మాస్టారి ముందు కాగితం పెట్టాడు. ఇందులోంచి బయటపడే దారి చెప్పమన్నాడు. సమాధానం మాస్టారు రెండుసార్లు చదివాడు. నష్టం ఫలానావాడిదేనని భాగస్థులు ముందే రాసుకుంటే తమలో తమకు అదే చెల్లుతుందని, చట్టం దానికి అడ్డురాదని, వేలిముద్రలు పడ్డాక ఇప్పుడు చట్టంలో దారి లేదని చెప్పాడు. మీ ఊరి పద్ధతి రాయమంటే పుస్తకంలోది ఎందుకు రాశావని అడిగాడు.

"మీరు మార్కులేసినారు గదా సార్."

మాస్టారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వేశాను. మీ ఊరు నేను చూసింది లేదు."

శనివారం పొద్దు వాలుతుండగా ఊరంతా ఇసుకలో కూర్చుంది. వాదన చాలాసేపు సాగింది. కాగితం చూపించి నరసయ్య, పద్ధతి చెప్పి తక్కిన ఏడుగురు. తెల్లారితే గుమాస్తా వస్తాడు. ఊరి తగవులు తీర్చే పెద్దకాపు ముత్యాలయ్య అందరినీ ఊరుకోమని, గంగులయ్యను లేచి నిలబడమన్నాడు.

"మన పద్దతి నీకు తెలీదా?"

నరసయ్య గంగులయ్య మొహంలోకే చూస్తున్నాడు. తెలీదు అంటే చాలు. పట్నం చదువులో పడి మరిచిపోయాడనుకుంటారు. ఫీజు నిలబడుతుంది, డిగ్రీ చేతికొస్తుంది. పుస్తకం మీదికి తోసినా సరిపోతుంది.

"తెలుసు," అన్నాడు గంగులయ్య. "రాయడానికి సిగ్గేసింది. చదివేటప్పుడు గూడా తెలిసే చదివినా."

ముత్యాలయ్య ఇసుకలో వేలితో రెండు గీతలు గీశాడు.

"వల పాలు తిన్నోడు వల నష్టం పడాల. అది నరసయ్య," అన్నాడు. "ఈ కాయితానికి పాలు తినింది ఎవురు? మార్కులొచ్చింది ఈడికే గదా. కాయితం నష్టం ఈడు పడాల. చెరిసగం."

ఎవరో నవ్వబోయి ఆగారు. ముత్యాలయ్య నవ్వులాటకు చెప్పలేదు.

షావుకారు రెండు రోజులు బెట్టు చేసి ఒప్పుకున్నాడు. వేలిముద్రల ఎనిమిది మంది కంటే పడవ ఉన్నవాడొకడు, సంతకం చేయగలవాడొకడు ఆయనకు నయం. చెరి నాలుగు వందలకు కొత్త కాగితం కూడా గంగులయ్యే రాశాడు. చిన్నపోలయ్య గుడిసె నిలిచింది, బిందె తిరిగొచ్చింది. కామమ్మ ఏడాది పాటు అతనితో మాట్లాడలేదు.

మార్చి పరీక్షకు నరసయ్య ఫీజు కట్టలేదు. గంగులయ్య ఆ ఏడు పరీక్ష రాయలేదు, తర్వాతా రాయలేదు. నాయుడుపేట బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాడు. జీతం డెబ్బై. నెలకు ఐదో ఆరో షావుకారుకు పంపేవాడు. పెళ్లయిన ఏడు, కూతురికి టైఫాయిడ్ వచ్చిన ఏడు అదీ పంపలేదు. వడ్డీ మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

1969 మార్చి ఆఖరుకు అతను షావుకారుకు ఇంకా నూట ముప్పై రెండు రూపాయలు బాకీ.