వాకిట్లో మేనత్త తవ్విన గొయ్యి

నా చిన్నప్పుడు గోటీలాట, అదే గోళీలాట, సాకుతో మా మేనత్త నాకొక సంగతి నేర్పింది. దాన్ని కాగితం మీద పెట్టకుండా పోతే తప్పవుతుందని ఈ మధ్యనే అనిపించింది. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా కోదాడ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించుకున్నదే. అక్కడి లావుపాటి ఇంగ్లీషు సంపుటమొకటి గోల్ఫ్ మైదానాలను ఎలా తీర్చిదిద్దుతారో వివరించింది. మంచి మైదానం ఆటగాణ్ణి శిక్షించదట, ఆలోచనలో పడేస్తుందట. తెగించినవాడికి దగ్గరి దారి, జంకినవాడికి చుట్టుదారి, రెండూ తెరిచి ఉంచుతుందట. అది చదివి నాలో నేనే నవ్వుకున్నాను. మా మేనత్త ఎన్నడో చేసి చూపిన పనే అది.

పోయిన నెల మా మనవడు నన్ను సూర్యాపేట దాటాక హైవే పక్కన ఒక ప్లాట్ల వెంచర్‌లో పెట్టిన చిన్న గోల్ఫ్ మైదానానికి తీసుకుపోయాడు. ఎటు చూసినా నీటిగుంట, లేకుంటే ఇసుకగుంట. బంతి పోవడానికి ఒకటే సన్నని దారి, కాస్త తప్పితే మునగడమే. నాచు పట్టిన నీళ్ళు కంపు కొడుతున్నాయి. ఒక చిన్నపిల్ల ఆ నీళ్ళలో చేయి పెట్టి బంతి వెతుక్కుంటుంటే గట్టున ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అలాంటి మైదానాన్ని ఒకసారి నా చేతులతో నేనే తయారు చేశాను.

మాది హుజూర్‌నగర్ దగ్గరి పల్లె. మా వాకిటి కొసన ఒక గుంత ఉండేది. గీత దగ్గర నుంచి గోటీని కొట్టుకుంటూ పోయి, తక్కువ దెబ్బల్లో ఆ గుంతలో వేసినవాళ్ళదే గెలుపు. పక్కింటి అక్క గురికి తిరుగులేదు. వేసవి సెలవులంతా ఓడి ఓడి నాకు ఉక్రోషం పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే లేచి, ఆమె గోటీ పోయే దారి పొడవునా పచ్చి బర్రెపేడ పరిచి, అందులో తుమ్మముళ్ళు గుచ్చాను. నా కోసం గోడ పక్కన వేలెడు సందు మాత్రం వదిలాను.

అక్క గోటీ పేడలో కూరుకుపోయింది. తీయబోతే వేలికి ముల్లు దిగింది. ఆమె చేతి మీద పేడ, నెత్తురు కలిసిపోయాయి. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

“ఇగ నీతోని ఆడను, పో. నువ్వే ఆడుకో, నువ్వే గెలుసుకో!” అని ఆమె వెళ్ళిపోయింది. ఆమె వెనకే మిగతా పిల్లలూ పోయారు. మూడు రోజులు మా వాకిట్లోకి ఎవరూ రాలేదు. ఒక్కణ్ణే ఆడాను, ప్రతిసారీ గెలిచాను. ఆ గెలుపు చప్పిడి కూడులా ఉంది. అక్క రాకపోతే ఇక ఆటే లేదని అప్పుడు భయం పట్టుకుంది.

మూడు రోజులు పొలం దగ్గరే ఉండి నాలుగో రోజు ఇంటికి వచ్చిన మేనత్త వాకిలి చూసి కొంగుతో ముక్కు మూసుకుంది. జరిగింది చెప్పాను. “థూ! గిది ఆట గాదురా, పగ. జర సిగ్గుండాలె. నీ సేతులతోనే ఎత్తెయ్,” అంది. మూడు రోజుల పేడ పైన ఎండి, కింద పురుగు పట్టి ఉంది. అంతా ఎత్తేశాక ఎంత కడిగినా చేతి వాసన పోలేదు. ఆ పూట ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను.

సాయంత్రం మేనత్త చెంబుతో నీళ్ళు తెచ్చి వాకిట్లో పోసింది. మడి చదును చేసేటప్పుడు చూసినట్టే, నీళ్ళు ఎటు పారుతున్నాయో వంగి చూసింది. తర్వాత గుంతకు కాస్త ఇవతల, అక్క గోటీ ఎప్పుడూ వచ్చి ఆగే చోట పిడికెడంత గొయ్యి ఒక్కటే తవ్వింది.

“కుడి దిక్కు వాలున్నది. గొయ్యి అంచు ఎంబడి పోతే ఒక్క దెబ్బకు గుంత సేరుతది, తప్పితే గొయ్యిల పడతది. ఎడమ దిక్కు భయం లేదు, గని ఒక దెబ్బ ఎక్కువైతది. ఎటు పోవాల్నో ఆడేటోళ్ళ ఇష్టం. పో, పిల్లను తోల్కరా.”

పోయి పిలిచాను. అక్క నా ముఖం చూడకుండా, “సేతులు కడుక్కున్నవా?” అని అడిగింది. కడుక్కున్నానన్నాను. నమ్మలేదు, వాసన చూసి మరీ వచ్చింది.

గీత దగ్గర ఆమె చాలాసేపు కూర్చుంది. గురి చూడగానే కొట్టే మనిషి ఆలోచించడం అదే మొదటిసారి చూశాను. ఎడమకు గురి పెట్టింది, మళ్ళీ కుడికి మార్చింది. గోటీ గొయ్యి అంచు వెంబడి సర్రున పోయి, చివరి క్షణంలో అందులో పడింది. మళ్ళీ వెళ్ళిపోతుందేమోనని భయపడ్డాను. అక్క మాత్రం కిలకిలా నవ్వి, “ఇంకోపాలి!” అంది.

తాను ఎంచుకున్న దారిలో పడ్డ మనిషి మళ్ళీ ఆడటానికి వస్తుంది, పడాలని పరిచిన దారిలో పడ్డ మనిషి రాదు. ఆ రోజు నుంచి ఎవరికైనా కష్టమైన పని అప్పగించేటప్పుడు, వాళ్ళకు రెండో దారి ఉంచానా అని చూసుకోవడం అలవాటైంది. ఎవరైనా పడితే నవ్వబోయిన ప్రతిసారీ ముందు నా వేళ్ళ వాసనే గుర్తొస్తుంది.

ఆ సంపుటం వెతికి ఇచ్చిన గ్రంథపాలకుడు యాదగిరి సారుకు, అచ్చుతప్పులు దిద్దిన మనవడు శ్రీకాంత్‌కు, చదువు లేకుండానే నేల గుణం చదివిన మేనత్త సైదమ్మకు కృతజ్ఞతలు. మిర్యాలగూడలో ఉంటున్న పక్కింటి అక్క రాములమ్మకు కూడా. ఇదంతా ఫోన్‌లో చదివి వినిపిస్తే ఆమె చివరిదాకా విని, “అంతా మంచిగనే ఉన్నది గని తమ్మీ, నువ్వు నవ్విన సంగతి మాత్రం జర తక్కువ రాసినవ్,” అంది.