ఫంక్షన్ హాల్ పైపు కింద మా బోరు

అన్నం ఉడుకుతున్న వాసనకే ఆ పొద్దున నాకు కడుపులో తిప్పింది. అప్పటికి ఏడో నెల. వాంతుల కాలం ఎప్పుడో దాటిపోయింది. ఆ వారంలోనే మూత్రం ముదురు పసుపు రంగులోకి మారింది. మా అత్తమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, "కండ్లు పచ్చబడ్డయి, పసిరికలైనయి బిడ్డా. పసరు తాగితే తగ్గుతయి" అంది.

తాగాను. తగ్గకపోగా ఒళ్ళంతా దురద, మగత. నా భర్త యాదగిరి భువనగిరి దవాఖానకు తీసుకెళ్ళాడు. ఎల్‌ఎఫ్‌టీ అనే లివర్ పరీక్ష చేసి, కామెర్లు బాగా ముదిరాయని అంబులెన్సులో హైదరాబాదుకు పంపారు. అక్కడ అది లివర్‌ను దెబ్బతీసే 'హెపటైటిస్-ఈ' అని తేలింది.

"ప్రెగ్నెన్సీలో ఇది చాలా డేంజరమ్మా. పసరు తాగుతూ ఎందుకు కూర్చున్నారు?" అని డాక్టరమ్మ కోప్పడింది. "ఏ నీళ్ళు తాగుతారు?"

"వాగు ఒడ్డున బోరున్నది మేడం. మా వాడంత గవే తాగుతం" అన్నాడు యాదగిరి.

"మురికి కలిసిన నీళ్ళతోనే ఇది వస్తుంది."

మురికి ఎక్కడిదో మాకు తెలుసు. నేను పెళ్ళై వచ్చినప్పుడు వాగు ఒడ్డు నిండా గడ్డి, తుమ్మలు. వానకు కొట్టుకొచ్చే చెత్తంతా ఆ గడ్డిలోనే ఆగేది. తర్వాత ఒడ్డు చదును చేసి ప్లాట్లు చేశారు. మా బోరుకు ఎగువన ఫంక్షన్ హాల్ కట్టి, మరుగుదొడ్ల పైపు నేరుగా వాగులోకి వదిలారు.

హైదరాబాదులో నా లివర్ ఇంకా దెబ్బతింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఐసీయూలో తెలివి వచ్చేసరికి కడుపు ఖాళీ. ఆడపిల్లట. బతకలేదు. నేను చూడనే లేదు.

ఇంటికొచ్చాక యాదగిరి వెళ్ళి ఆ పైపు గురించి అడిగాడు.

"మా జాగల మా పైపు. గంత ఫికరుంటే మీ బోరు దూరం ఏసుకోండ్రి" అన్నాడట మేనేజరు.

ఆ మాటతో నా ఏడుపు ఆగిపోయింది. నిలబడే ఓపిక రాగానే వాడలోని ఆడవాళ్ళతో కలిసి, ఒక పెళ్ళినాడు ఫంక్షన్ హాల్ గేటు ముందు కూర్చున్నాను. వాళ్ళలో కొందరి ఇళ్ళలోనూ పసిరికలే. అందరికంటే ముందు మా అత్తమ్మ కూర్చుంది. బోరు నీళ్ళ గ్లాసు మేనేజరు ముందు పెట్టి, "నువ్వు తాగు కొడుకా, మేం పోతం" అంది.

అతను తాగలేదు. పెళ్ళివాళ్ళు కూడా అతన్నే నిలదీశారు. ఆ నెలలోనే పైపు తీసేసి సెప్టిక్ ట్యాంకు తవ్వారు. నా బిడ్డ పోతే గానీ తవ్వని గుంత అది!

ఇప్పుడు నా ఎల్‌ఎఫ్‌టీ నార్మల్. పొలం పనికి పోతున్నాను. నీళ్ళు మరగబెట్టే తాగుతున్నాం. కడుపుతో ఉన్నవాళ్ళ కళ్ళు పచ్చబడితే మాత్రం, పసరు కోసం ఒక్క పూట కూడా ఆగకండి. దవాఖానకు తీసుకెళ్ళండి.