కవరు తియ్యని ఫ్యాను

కొత్త వస్తువు మీది కవరు తియ్యాలంటే మా ఆయనకు ప్రాణం మీదికొస్తుంది. నరసరావుపేటలో మా ఇంటికొచ్చిన చుట్టాలు సోఫా ప్లాస్టిక్‌కు చెమటతో అతుక్కుని కూర్చోవాల్సిందే. టీవీ రిమోట్ కవర్లోనే జిడ్డు పట్టి, అంకెలు కనపడవు. ముట్టుకోవాలంటే కంపరం నాకు. కిరాణా కొట్టు నడిపే మనిషి గదా, ఇల్లు కూడా అమ్మకానికే అనుకుంటాడేమో.

వరండాలో ఫ్యాను బిగించినప్పుడూ అదే తంతు. నేను జాకెట్లు కుట్టే మిషను అక్కడే ఉంటుంది. ఫ్యాను తిరక్కపోతే నా చెమట గుడ్డ మీద పడుతుంది. మరకపడ్డ జాకెట్టు ఎవరు తీసుకుంటారు?

"జల్లు లోపలికి కొడతది. రెక్కలకు ఆ కవర్లుంటే నీళ్లు లోపలే నిలబడతయి, తీసేయండి," అన్నాను.

"నీకేం తెలుసే. కవరుంటేనే తడవదు," అని మోటారుకు కూడా ప్లాస్టిక్ చుట్టి, టేపు వేశాడు.

వానలొచ్చాయి. జల్లు కవర్లలోకి దిగింది, వెనకే ఉసుళ్లు దూరి చచ్చాయి. బయటికి నల్లగా మడ్డిలాగా కనపడేది. అన్నం తింటూ అటు చూడబుద్ధయ్యేది కాదు. నేను చెయ్యి పెడితే చింపుతానని ఆయన గొడవ.

ఒకరోజు వాన వెలిశాక వెనక వీధి వదిన పట్టు జాకెట్టు కోసం వచ్చింది. ఆ వీధి వాళ్లంతా ఆమె మాట మీదే నా దగ్గరికొస్తారు. కుట్టడానికి ఇంకొన్ని గుడ్డలు కూడా సంచిలో తెచ్చింది. కుట్టిన జాకెట్టు మిషను మీద పరిచాను.

"ఫ్యానెయ్యి వదినా, చానా ఉక్కగా ఉంది," అంది.

వేశాను. రెండు చుట్లు తిరిగేసరికి ఒక కవరు చిరిగి, తుప్పు నీళ్లూ కుళ్లిన ఉసుళ్లూ జాకెట్టు మీద చిమ్మాయి. చచ్చిన ఎలుక కంపు. ఆమె ముక్కు మూసుకుంది. నేను పాతగుడ్డ అందుకున్నాను. తుడిచేకొద్దీ మరక పెద్దదైంది.

"ఏమనుకోమాకు వదినా, ఇయ్యి ఇంకోచోట ఇచ్చుకుంటాలే," అని గుడ్డల సంచి తీసుకుని వెళ్లిపోయింది.

కబురు పెడితే మా ఆయన కొట్టు వదిలి వచ్చాడు. జాకెట్టు వంక చూడను కూడా చూడలేదు. స్టూలెక్కి మిగతా కవర్లు చిరక్కుండా ఊడదీశాడు. రెక్కల పెయింటు పొక్కులు లేచింది, మోటారు పట్టేసింది. కవర్లు మాత్రం కుళాయి కింద కడిగి, దండెం మీద ఆరేశాడు.

"అయ్యెందుకండీ ఇంక?" అన్నాను.

"చిరగనియ్యి రెండున్నయిగా," అన్నాడు. "కొత్త ఫ్యానుకు పనికొస్తయి."