గుంటూరులో డెబ్బై ఒకటి, దర్శిలో తొంభై

ఇవాళ పొద్దున మా వీధిలోంచి మైకు కట్టిన ఆటో ఒకటి వెళ్ళింది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే మా వీధి వీధంతా తుమ్ముతుంది. ఆ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ అరుగు మీద కూర్చున్న నాకు మైకులో గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది. ఏదో తెగులు మందు. "నైంటీ ఎయిట్ పర్సెంట్ రిజల్ట్! నైంటీ ఎయిట్ పర్సెంట్!" నన్ను అడక్కుండానే నా నోట్లోంచి "దేంట్లో?" అన్న మాట వచ్చేసింది. ఆటో ఆగలేదు. ఆ ప్రశ్నకి ఆగిన ఆటోని నేనింతవరకూ చూడలేదు. అయినా అది నా ప్రశ్న కాదు, రాజ్యలక్ష్మి గారిది.

ఆవిడ దగ్గర పన్నెండేళ్ళు పనిచేశానని నేను అందరికీ చెబుతుంటాను. పన్నెండు కాదు, నాలుగు. ఆ నాలుగూ కూడా నిండలేదు. ఒక విత్తనాల కంపెనీకి గుంటూరులో పరీక్ష గది ఉండేది. ఆవిడ దానికి పెద్ద. నేను ఊళ్ళు తిరిగే మనిషిని. కంపెనీ అమ్మే పత్తి గింజల్లోంచి నాలుగు వందలు తీసి, ఇసుక పోసిన నాలుగు ట్రేలలో నూరు చొప్పున పెట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం అక్కడి పని. రాజ్యలక్ష్మి గారు సన్నటి మనిషి. దేన్నీ నమ్మేది కాదు. కుర్చీని ఒకసారి కదిపి చూడందే కూర్చునేది కాదు. తాళం వేశాక మూడుసార్లు లాగేది. కాఫీ తెచ్చిన హోటలతన్ని "చికోరీ ఎంత కలిపావు?" అని అడిగి, అతను "అబ్బే, చాలా కొంచెమండీ" అంటే, "కొంచెం అంటే పది చెంచాల్లో ఎన్ని?" అని నిలబెట్టేది. పాపం, అతను కాఫీ తేవడం మానేశాడు. మేం నడుచుకుంటూ వెళ్ళి తాగొచ్చేవాళ్ళం.

బొంబాయిలోని హెడ్డాఫీసుకి ఫలితాలు ఫోన్లో చెప్పడం నా వంతు. అవతల వాళ్ళకి ఇంగ్లీషు తప్ప ఏదీ ఎక్కదు. నాకు డిగ్రీ ఉంది కానీ ఆ ఇంగ్లీషు పుస్తకాల్లోది. అంకెల ఇంగ్లీషు ఆవిడే నేర్పింది. ఆవిడ నేర్పిన తీరే వేరు. "పర్సెంట్ అనకు సాంబశివరావ్. అది వినేవాడికి కనపడదు. సెవెన్ అవుటాఫ్ టెన్ అను. త్రీ ఆర్ డెడ్ అను" అనేది. "డెడ్ అంటే ఏం బావుంటుందండీ?" అన్నాను. "బావుండటానికా మనం ఫోన్ చేస్తోంది?" అంది. అబౌట్, నియర్లీ, అప్ టు అన్న మాటలంటే ఆవిడకి పడేది కాదు. "అంకె పక్కన నిలబడే ఆ చిన్న మాటలున్నాయే, జేబు కొట్టేవాళ్ళు కూడా అలాగే మన పక్కన నిలబడతారు" అనేది. అవంటే నాకు మాత్రం ప్రాణం. నియర్లీ ఎయిటీ అంటుంటే నోరు నిండుగా ఉంటుంది. సెవెంటీ వన్ అంటే ఏముంది, ఎండిపోయిన రొట్టె.

ఆవిడ నన్ను అనుమానిస్తోందని నాకు అనుమానం. నేను లెక్కపెట్టిన ట్రేలని, నేను భోజనానికి వెళ్ళాక మళ్ళీ లెక్కపెట్టడం కిటికీలోంచి చూశాను. మర్నాడు కావాలని ఒక ట్రే మీద తలవెంట్రుక పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లేదు. నా ఉద్యోగం ఊడబీకి తన వాళ్ళెవరినో పెట్టుకోబోతోందని తీర్మానించుకున్నాను. ఒకరోజు భోజనం ఎగ్గొట్టి తలుపు వెనక నక్కాను. ఆవిడ నా ట్రే లెక్కపెట్టింది. తర్వాత గది ఊడ్చే నాగమ్మని పిలిచి, "నేను లెక్కపెట్టింది నువ్వోసారి చూడవే" అంది. నాగమ్మ వేలుతో ఒక్కొక్క మొలకనీ తాకుతూ, "డెబ్బై మూడమ్మా. మీరెంతన్నారు?" అంది. "డెబ్బై నాలుగు. పద, మళ్ళీ చూద్దాం" అని ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. నేను చప్పుడు కాకుండా జారుకున్నాను. నా అనుమానం పోయిందని చెప్పను. తనని తనే నమ్మని మనిషి నన్నేం నమ్ముతుందని ఇంకో కొత్త అనుమానం పట్టుకుంది.

ఆ ఏడు తొలకరికి ముందు ఒక రకం పత్తి గింజలు నూటికి డెబ్బై ఒకటే మొలిచాయి. అది పట్టుకుని నేను దర్శి బస్సెక్కాను. గుంటూరులో డెబ్బై ఒకటి. చిలకలూరిపేటలో దిగి ఒక డీలరుకి అబౌట్ సెవెంటీ ఫైవ్ అన్నాను. అద్దంకిలో ఇంకొకాయనకి నియర్లీ ఎయిటీ. దర్శి చేరేసరికి గింజలు నా నోట్లోనే మొలిచి కాపుకొచ్చాయి. అక్కడ దుకాణం ముందు కోటయ్య అనే రైతు అడిగాడు, "ఎట్టా మొలుస్తయ్యయ్యా ఇయ్యి?" అని. "అబౌవ్ నైంటీ పర్సెంట్" అన్నాను. మూడెకరాలు కౌలుకి చేస్తున్న మనిషి. అంతకుముందు ఏడు పంట పోయింది. ఈసారి కూడా చేను పలచబడితే భూమి వెనక్కి తీసుకుంటానని ఆసామి ముందే చెప్పాడట. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవని చెబుతుంటాను. తెలుసు. దుకాణం ముందు ఆయనే చెప్పాడు.

వాన పడింది, గింజ పెట్టాడు. వారం తర్వాత నేను మళ్ళీ దర్శి వెళితే బస్టాండులోనే పట్టుకున్నాడు. "మొలక పలచగా ఉందయ్యా. మళ్ళీ పెట్టమంటావా?" అన్నాడు. "తొందరపడకు కోటయ్యా. ట్వంటీ పర్సెంట్ లేట్ జర్మినేషన్ ఉంటుంది. నాలుగు రోజులు చూడు" అన్నాను. ఆ ట్వంటీ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మూడో రోజు గుంటూరులో ఈ సంగతి రాజ్యలక్ష్మి గారికి తమాషాగా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఆలస్యంగా మొలిచిన ఆ ఇరవై ఏ ట్రేలో చూశావు?"

"మామూలుగా ఉంటాయి కదండీ..."

"అక్కడ నేలలో పదును ఆరిపోతోంది. ఆయన్ని ఆగమన్నావా?"

మర్నాడు మొదటి బస్సుకి, గింజల సంచీ ఒళ్ళో పెట్టుకుని నాతో దర్శి వచ్చింది. చేలో దిగగానే, "నూరు కుదుళ్ళు నడువు. ఖాళీవి లెక్కపెట్టు" అంది. నడిచాను. ముప్ఫై నాలుగు. "థర్టీ ఫోర్ పర్సెంట్ గ్యాప్స్ అండి" అన్నాను. "నాకు కాదు. ఆయనకి చెప్పు" అంది. "మూడింట ఒకటి ఖాళీ, కోటయ్యా" అన్నాను. "అది నాకూ కనపడతానే ఉంది గదయ్యా, నా చేనేగా" అన్నాడు.

"కుదురుకి రెండేసి ఎందుకు పెట్టలేదు?" అని ఆవిడ అడిగింది.

"ఎప్పుడూ రెండేసే పెడతామమ్మా. మా నాయన కూడా అంతే. ఒకటి చచ్చినా ఇంకోటి లేస్తదని. ఈ అబ్బాయి నైంటీ పర్సెంట్ అన్నాడు. ఇంగ్లీషులో చెప్పాడు గదా, ఏదో మిషను మీద చూసుంటారనుకున్నా. తెలుగులో తొంభై అనుంటే నమ్మేవాణ్ణి కాదు. రెండేసే పెట్టేవాణ్ణి."

ఆవిడ నేలలోకి వేలు గుచ్చి చూసింది. పైన పొడి. రెండు కణుపుల లోతున మాత్రం మన్ను వేలికి అంటుకుంది. కోటయ్య, ఆయన భార్య, రాజ్యలక్ష్మి గారు, నేను పొద్దుగూకేదాకా ఖాళీ కుదుళ్ళలో లోతుగా రెండేసి గింజలు పెట్టాం. ఆ గట్టు మీద నిలబడి, "తప్పు నాది కోటయ్యా, నేనే అబద్ధం చెప్పాను" అన్నానని, ఖాళీలన్నీ మొలిచాయని, ఆయన నన్ను కౌగిలించుకున్నాడని చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ కౌగిలి ఇంకాస్త గట్టిపడింది. అలాంటిదేమీ జరగలేదు. నేను నోరు విప్పలేదు. రాజ్యలక్ష్మి గారే కోటయ్యతో, "మేం చెప్పింది తప్పు. గింజలు నూటికి డెబ్బై ఒకటే. ఆగమనడం ఇంకా పెద్ద తప్పు" అంది. "మేం" అంది. "ఈయన" అనలేదు. నేను వెనక సంచీ పట్టుకుని నిలబడ్డాను. పెట్టిన ఖాళీల్లో సగం కూడా మొలవలేదు. మొదట అడిగిన రోజే పెట్టి ఉంటే మొలిచేవేమో. ఆసామి ఒక ఎకరం వెనక్కి తీసుకుని ఇంకెవరికో ఇచ్చాడు.

ఆ రోజు తిరుగు బస్సులో ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. "నన్ను తీసేస్తారా అండీ?" అని నేనే అడిగాను. "తీసేస్తే ఇంకో చోటికెళ్ళి తొంభై అంటావు. ఇక్కడే ఉండు, నేను చూస్తుంటాను" అంది. నా జీవితంలో నా మీద అంత శ్రద్ధగా అనుమానం పెట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు.

మరుసటి ఏడు కోటయ్య రెండెకరాలకి గింజల కోసం గుంటూరే వచ్చాడు. ఆవిడ లోపల ట్రేల దగ్గర ఉంది.

"ఎన్ని మొలుస్తయ్యి?"

"నూటికి డెబ్బై ఆరు" అన్నాను. నోరు ఎనభై వైపు లాగింది. పట్టుకున్నాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. పొట్లంలోంచి పిడికెడు తీసుకుని, "నేను చూసుకుంటాలే" అని వెళ్ళిపోయాడు. పదో రోజు మళ్ళీ వచ్చాడు. "నూరు పెట్టి చూశా. డెబ్బై నాలుగయ్యా. నువ్వు రెండు ఎక్కువ చెప్పావు."

"ఆ రెండూ నేను పెంచినవి కావు కోటయ్యా."

"తెలుసులే" అన్నాడు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "అయినా రెండేసే పెడతా" అన్నాడు.

అప్పుడు నా మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళయ్యాక ఆ మాట తలుచుకుంటే మరో రకంగా ఉంటుంది. ఆయన మొదటి ఏడే నన్ను అలా చూసి ఉంటే, అలా అని ఉంటే, ఆ మూడో ఎకరం ఆయన చేతిలోనే ఉండేది.