కొంగు దగ్గర ఆగిపోయిన బెంగళూరు

సొంత మేనమామ మగ్గాలకు నిప్పు పెట్టాలంటే అగ్గిపుల్ల అక్కరలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, టీ తాగుతూ, ఎంతో శ్రద్ధగా కూడా ఆ పని చేయవచ్చు. నేను చేశాను. నా చదువు మీద ఇంకా గౌరవం ఉన్నవాళ్ళు ఇక్కడే చదవడం ఆపేయవచ్చు.

ఫోన్లలో వీడియోలు ఇంకా రాని రోజులవి. అప్పుడే అనంతపురంలో ఎంసీఏ ముగించాను. ఉద్యోగం రాలేదు గానీ, వచ్చినంత పొగరు మాత్రం ఉండేది. ధర్మవరంలో నేను చేరిన మా ఓబులేసు మామ ఇంట్లో రెండు పట్టు మగ్గాలు. ఏళ్ళ తరబడి షావుకార్లు చెప్పిన డిజైన్లే నేసి విసిగిపోయిన మామ, ఆ ఏడు తొలిసారి తన బుర్రలోంచి ఒక కొంగు తీశాడు. కొంగు నిండా జరీతో ఒకే ఒక పెద్ద వేరుశనగ చెట్టు, మా మాటలో చెనిక్కాయ చెట్టు. పైన ఆకులు, కింద వేళ్ళకు గుత్తులుగా కాయలు. పెళ్ళిళ్ళ కాలందాకా ఊళ్ళో ఇంకెవరూ అలాంటిది నేయకుండా ఉంటేనే మామ గెలిచినట్టు. అందుకే గడపలో చెప్పుల చప్పుడు వినబడితే చాలు, మగ్గం మీద పాత దుప్పటి కప్పేసేవాడు. నేతగాళ్ళ ఇళ్ళలో అది మామూలే. కొత్త కొంగును అల్లుడికి కూడా చూపించరు.

అంతటి మామను నేను ఒప్పించాను.

"వెబ్‌సైటు పెడదాం మామా. చీర వీడియో తీసి దాంట్లో పెడితే, బయటూరోళ్ళు నేరుగా నిన్నే అడుగుతారు."

"మన ఊరోళ్ళు చూస్తే?"

"మన వీధిలో నాకు తప్ప కంప్యూటరు ఎవురికి ఉండాది మామా?"

ఆయన వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా మనసులోనే నడిచి వచ్చి, "నిజమే, ఎవురికీ లేదు" అన్నాడు. వీధి మొదట్లో ఉన్న ఇంటర్నెట్ సెంటరు మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

మిద్దె మీద మామ చీర కొంగును కింది కొస దగ్గర గట్టిగా పట్టుకుని నిలబడితే, అడిగి తెచ్చుకున్న కెమెరాతో నేను వీడియో తీశాను. అక్కడితో ఊరుకుంటే నా చదువుకు విలువేముంది? ఎవరు ఎంతసేపు చూశారు, ఎక్కడ ఆపారు, ఎక్కడ వెనక్కి తిప్పారు అన్నీ లెక్కగట్టే ఏర్పాటు కూడా చేశాను. ఎవరైనా వీడియో ఆపినప్పుడల్లా నా తెరమీద అక్కడ ఒక గీత పెరిగేది. మొదట్లో కనిపించిన గీతలు నావే. తర్వాత పెరగడం మొదలయ్యాయి చూడండి, అన్నీ ఒకే చోట, కొంగు విప్పే చోట. ఆపుతున్నారు, వెనక్కి పోతున్నారు, మళ్ళీ ఆపుతున్నారు. అంచు దగ్గర ఒక్కరూ నిలవడం లేదు. ఏ ఊరివాళ్ళా అని చూస్తే అందరిదీ బెంగళూరే.

"బెంగళూరోళ్ళు నీ కొంగు ఇడ్సిపెట్టి పోలేకుండా ఉండారు మామా" అన్నాను.

ఆ మాటతో మా ఇంట్లో అన్నం తినే తీరే మారిపోయింది. కంచం ముందు కూర్చోగానే మామ అడిగేవాడు. "పాపా, ఆయమ్మ ఈ పొద్దు వచ్చిందా?"

ఆ గీతల వెనక మేము ఊహించుకున్న ఆవిడ మామ లెక్కలో పెళ్ళికూతురి తల్లి. మామ భార్య నరసమ్మత్త లెక్కలో కొత్త కోడలు. నా లెక్కలో పెద్ద చీరల అంగడి యజమానురాలు. ఆవిడ ఎవరో, ఎందుకు అంతలా చూస్తోందో తెలుసుకోవాలని ముగ్గురికీ ఒకటే ఆరాటం.

"కొనేటోళ్ళు ధర అడుగుతారు గదా. వీళ్ళు నోరే తెరవరేమి?" అంది అత్త ఒకరోజు.

"బెంగళూరోళ్ళు నిదానస్తులు అత్తా" అన్నాను. అప్పటికి నేను బెంగళూరు ముఖం కూడా చూడలేదు.

పాపం, ఆపీ ఆపీ చూడటం ఎంత కష్టమని జాలిపడి, కొంగును దగ్గర నుంచి నెమ్మదిగా చూపిస్తూ ఇంకో వీడియో పెట్టాను. గుడ్డ వెనక వైపు చూపిస్తూ మరొకటి. గీతలు తెర దాటిపోయాయి. మామ షావుకారు పని తిప్పి పంపించి, రెండు మగ్గాల మీదా చెనిక్కాయ కొంగే ఎక్కించాడు.

పెళ్ళిళ్ళ కాలం రానే వచ్చింది. బజారుకు పోతే, పక్క వీధి నేతగాడు తిప్పన్న అంగడిలో చెనిక్కాయ చెట్టు కొంగు వేలాడుతోంది. పక్క అంగడిలోనూ. ఎదుటి అంగడిలోనూ. కానీ దగ్గరికి పోయి చూస్తే ఏదో తేడా. ఆకులున్నాయి, కొమ్మలున్నాయి, ఒక్క కాయ లేదు.

"మీ మామ కొంగే పాపా" అన్నాడు తిప్పన్న, ఏమాత్రం దాచకుండా.

"యాడ చూసినావు చిన్నాయనా?"

"ఇంటర్నెట్ సెంటర్లో. ఎవురో పుణ్యాత్ములు, నిదానంగా కదిలేటట్టు గూడా పెట్టినారు. ఆపుకుంటా, గ్రాఫు కాగితం మింద గడులు ఎక్కించుకుంటిమి. వీధి వీధంతా వరసలో కూర్చున్నాం."

"మరి నా కంప్యూటర్లో అందరిదీ బెంగళూరని చూపించిందే?"

"సెంటరుకు లైను బెంగళూరు మింద నుంచి వస్తాదంట."

మేము రోజూ అన్నం దగ్గర తలుచుకున్న ఆయమ్మకు మీసాలున్నాయన్నమాట.

"మరి కాయలు?" అన్నాను నీరసంగా.

"మీ మామ చేతులు అడ్డమొచ్చినాయి. మూడు వీడియోల్లోనూ ఆడనే పట్టుకోనుండాడు. చేతుల కింద ఏముండాదో తెలీక వట్టి వేళ్ళు నేస్తిమి. ఆ చేతులు తీసి మళ్ళా పెట్టమని చెప్పు పాపా."

అంతలో శింగనమల నుంచి కూతురి పెళ్ళి చీరకు వచ్చిన ఒకామె ఆ కొంగు విప్పి చూసి, మడిచి పక్కన పెట్టేసింది. "వానల్లేక మా చేన్లో చెట్లన్నీ ఇట్లనే ఉండాయప్పా. కాయల్లేంది పెళ్ళిలో గూడా కట్టాల్నా?"

ఆమె చేయి పట్టుకుని మామ ఇంటికి తీసుకుపోయాను. ముందు మామకు జరిగిందంతా చెప్పాను. ఆయన మగ్గం గుంటలోనే కూర్చుండిపోయాడు. చచ్చేంత సిగ్గేసింది నాకు. ఆమె మాత్రం మా మాటలు పట్టించుకోకుండా కొంగు మీది కాయల గుత్తులు తడిమి, "ఈ ఏడు ఇన్ని కాయలు ఈడనే చూసినాను" అని చీర తీసుకుంది. తర్వాత వాళ్ళ ఊరివాళ్ళు వచ్చారు, ఆ పక్క ఊరివాళ్ళు వచ్చారు. మామ చీరలన్నీ చెల్లిపోయాయి.

"కావాలనే చేతులు అడ్డం పెట్టినా" అని మామ ఈనాటికీ అందరికీ చెబుతాడు. కాదనే ముఖం నాకు లేదు.

కాబట్టి నేను చదివిన చదువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరైనా ఒకే చోట ఆగి రెప్పవేయకుండా చూస్తుంటే అది ఇష్టమేనని ఇంకెప్పుడూ అనుకోను. ఆ తర్వాత నా పెళ్ళిచూపుల్లో అబ్బాయి నా చీర కొంగు వంకే చూస్తుంటే, అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు. నేను మాత్రం కొంగు మడిచి ఒళ్ళో పెట్టుకుని, మీ ఇంట్లో మగ్గాలేమైనా ఉన్నాయా అని అడిగాను.